వచ్చీ పోయే బ్యాటరీ లైటు: మా పాత కారుతో నా అనుభవం

మాది 2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మీటర్లో 96 వేల కిలోమీటర్లు దాటాయి. 2025 మే నెలలో డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వచ్చీ పోతూ ఉండటం మొదలైంది. బండి పూర్తిగా ఆగిపోతే ఎవరికి చూపించినా తెలుస్తుంది, ఎవరో ఒకరు బాగు చేస్తారు. వచ్చీ పోయే జబ్బుతో ఆ వీలు లేదు. మెకానిక్ ముందు బండి ఆపగానే లైటు మాయం. మనం చెప్పేది నమ్మాలా వద్దా అన్నట్టు చూస్తారు. ఇదే తిప్పలు పడుతున్నవాళ్ళ కోసం ఏ రోజు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, ఎంత ఖర్చయింది అన్నీ రాస్తున్నాను.

మొదటిసారి చూసింది మే 18, ఆదివారం రాత్రి. విజయవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగాను. ఏసీ మూడో నంబరులో ఉంది, హెడ్‌లైట్లు వేసి ఉన్నాయి. ఆ గుర్తు పూర్తిగా వెలగలేదు, మసగ్గా మిణుకుమంటోంది. పక్క బండి లైటు పడి అలా కనిపిస్తోందేమో అని చేయి అడ్డం పెట్టి చూశాను. నిజంగానే వెలుగుతోంది. సిగ్నల్ పడి యాక్సిలరేటర్ మీద కాలు వేయగానే ఆరిపోయింది. పోరంకిలో ఇంటికి చేరేదాకా మళ్ళీ రాలేదు.

మర్నాడు పొద్దున తాళం తిప్పి చూశాను. ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. రెండూ సరిగ్గానే జరిగాయి. అంటే బల్బు, దాని వైరు బాగానే ఉన్నాయి. బ్యాంకుకి వెళ్ళి వచ్చాను, ఏమీ లేదు. ఆ వారంలో మళ్ళీ వచ్చింది, ఈసారి కూడా సాయంత్రమే, రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు. అప్పటినుంచి ఫోన్లో రాసుకోవడం మొదలుపెట్టాను. తేదీ, టైము, బండి స్టార్ట్ చేసి ఎంతసేపయింది, ఏసీ ఉందా, లైట్లు ఉన్నాయా, వాన పడుతోందా, బండి కదులుతోందా నిలబడి ఉందా. ఇంట్లో వాళ్ళు ఇంత అవసరమా అన్నారు. చివరికి పనికొచ్చింది ఆ రాతలే. పది రోజులకే ఒక సంగతి తేలింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. బండి బాగా వేడెక్కాకే వస్తోంది. వానకీ దానికీ సంబంధం లేదు.

మే ఆఖర్లో ఏలూరు రోడ్డులో ఒక బ్యాటరీ షాపుకి వెళ్ళాను. లైటు సంగతి చెప్పగానే కుర్రాడు బానెట్ ఎత్తకుండానే, "బ్యాటరీ అయిపోయింది మేడమ్, పాతది ఇచ్చేస్తే కొత్తది 4,800" అన్నాడు. ఆ బ్యాటరీ వేయించి ఏడాదిన్నరే అయింది. సెల్ఫ్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ముందు టెస్ట్ చేసి చెప్పమన్నాను. చేశాడు. ఇంజిన్ ఆపి కాసేపు వదిలాక 12.58 వోల్టులు. తర్వాత బ్యాటరీ మీద భారం వేసి చూసే లోడ్ టెస్టర్ పెట్టాడు, బ్యాటరీ బాగుందనే వచ్చింది. ఆ చీటీ అడిగి తీసుకున్నాను. టెస్టుకి డబ్బులు తీసుకోలేదు.

ఈ ముక్క గట్టిగా చెప్పాలి. డాష్‌బోర్డు మీద ఉన్నది బ్యాటరీ బొమ్మే గానీ, ఆ లైటు చెప్పేది బ్యాటరీ గురించి కాదు, చార్జింగ్ గురించి. ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే భాగం ఆల్టర్నేటర్, మెకానిక్కులు దాన్నే డైనమో అంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాని నుంచి కరెంటు రాకపోతే ఆ లైటు వెలుగుతుంది. కొత్త బ్యాటరీ వేసినా చార్జింగ్ రాకపోతే లైటు లైటే. ఆ రోజు 4,800 కట్టి వచ్చేసి ఉంటే నాలుగు రోజుల్లో కొత్త బ్యాటరీని కూడా దించేసుకునేదాన్ని.

ఆ షాపులో ఒక మంచి పని మాత్రం జరిగింది. ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. వేడినీళ్ళు పోసి కడిగి, బ్రష్‌తో రుద్ది, నట్టు బిగించి, పైన కాస్త గ్రీజు రాశాడు. తర్వాత వారం దాకా లైటు రాలేదు. అదే కారణమై ఉంటుందని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. వచ్చీ పోయే జబ్బుతో ఉన్న చిక్కే ఇది. ఏ చిన్న పని చేయించినా నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది.

జూన్ 5 సాయంత్రం మళ్ళీ వచ్చింది.

జూన్ 7, శనివారం కానూరులో మేము ఎప్పుడూ వెళ్ళే చిన్న గ్యారేజీకి తీసుకెళ్ళాను. అతను ముందు ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్ట్ చూశాడు. చూడాల్సింది కూడా ముందు అదే. గాడుల మధ్య అడ్డంగా పగుళ్ళు, అంచు నున్నగా అద్దంలా మెరుస్తోంది. ఎలాగూ మార్చాల్సిందే. మా బండిలో ఆ బెల్టే వాటర్ పంప్‌ని కూడా తిప్పుతుంది. దారిలో తెగితే చార్జింగ్ ఒక్కటే కాదు, ఇంజిన్ చల్లబడటం కూడా ఆగిపోతుంది. అందుకే ఈ ఎర్ర లైటు వెలిగినప్పుడు చూపు ముందు టెంపరేచర్ ముల్లు మీదికి పోవాలి. అది పైకి లేస్తుంటే ఇంకో కిలోమీటరు అని ఆశపడకుండా అక్కడికక్కడే పక్కకి ఆపి ఇంజిన్ కట్టేయాలి. బెల్ట్ 450, మజూరీ 200, మొత్తం 650 అయింది.

బెల్ట్ వేశాక, "డైనమో కూడా చూసేస్తాను మేడమ్" అంటూ ఇంజిన్ నడుస్తుండగానే మైనస్ టెర్మినల్ విప్పబోయాడు. వెంటనే ఆపాను. బ్యాటరీ తీసినా ఇంజిన్ నడుస్తుంటే డైనమో బాగున్నట్టు అనేది పాత బండ్ల లెక్క. కంప్యూటర్ ఉన్న బండ్లలో ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీసేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఇంజిన్ కంట్రోల్ బాక్సు, ఆల్టర్నేటర్ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే డయోడ్లు పోయే ప్రమాదం ఉంది. "ఎన్నో బండ్లకి చేశానండీ, ఏం కాలేదు" అని కాస్త నొచ్చుకున్నాడు. "వద్దన్నా, మీటర్ పెట్టి చూడు చాలు" అన్నాను. మీటర్ పెడితే 14.1 వచ్చింది. ఆల్టర్నేటర్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆ నిమిషానికి అది నిజమే, లైటు వెలగడం లేదుగా.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. బాగున్నప్పుడు ఎన్నిసార్లు కొలిచినా బాగున్నట్టే చూపిస్తుంది. లైటు వెలిగిన ఆ రెండు మూడు నిమిషాల్లో వోల్టేజీ ఎంత ఉందో తెలియాలి. దానికి సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ ఆన్‌లైన్‌లో 299 రూపాయలకి తెప్పించాను. రెండు రోజుల్లో వచ్చింది. మల్టీమీటర్‌తో పోల్చి చూస్తే బ్యాటరీ దగ్గరకన్నా 0.1 తక్కువ చూపిస్తోంది, అది గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. మామూలుగా ఇంజిన్ నడుస్తుంటే 14 చుట్టూ ఉంటోంది. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన డబ్బులో బాగా కలిసొచ్చింది ఈ 299 రూపాయలే.

జూన్ 15, ఆదివారం. అమ్మ నూజివీడులో ఉంటుంది. షుగర్ వల్ల కంటి వెనక పొరలో నీరు చేరి, నెలనెలా విజయవాడలో కంట్లో ఇంజెక్షన్ వేయించుకోవాలి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి టైము ఇచ్చారు కాబట్టి ముందురోజు సాయంత్రమే తీసుకొస్తున్నాను. హనుమాన్ జంక్షన్ దాటి హైవే ఎక్కాం. సాయంత్రం ఆరు దాటింది. ఏసీ నడుస్తోంది. ఉన్నట్టుండి లైటు వెలిగింది. ఎప్పటిలా మసగ్గా కాదు, నిండుగా, ఎర్రగా. యాక్సిలరేటర్ నొక్కినా ఆరలేదు. మీటరు చూశాను. 14.0 ఉండాల్సింది 12.3.

టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది, అంటే బెల్ట్ తెగలేదు. ఏసీ ఆపాను, పాటలు ఆపాను, అమ్మ వైపు అద్దం దించమన్నాను. 12.1 అయింది. తర్వాత 11.9. ఒకపక్క చీకటి పడుతోంది. హెడ్‌లైట్లు రెండూ వేస్తే వాటికే తొమ్మిది పది ఆంపియర్లు పోతుంది. అలాగని హైవే మీద లైట్లు లేకుండా పోలేం కదా. వేశాను. చూస్తుండగా 11.6కి వచ్చింది. పవర్ స్టీరింగ్ లైటు కూడా వెలిగింది. మా బండిలో పవర్ స్టీరింగ్ కరెంటుతో నడిచేది, వోల్టేజీ పడిపోతే అది పని మానేస్తుంది. చక్రం ఒక్కసారిగా బరువెక్కిపోయింది. లారీల మధ్య రెండు చేతులతో బలమంతా పెట్టి తిప్పుతున్నాను.

అమ్మ అడిగింది, "ఏంటే, మాటిమాటికీ ఆ డబ్బా వైపు చూస్తావు?"

"ఏం లేదమ్మా, చార్జింగ్ చూస్తున్నా."

"ఫోన్‌దా?"

"కాదు, కారుదే."

అమ్మ ఇంకేం అడగలేదు, సీటు బెల్టు పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఆపితే మళ్ళీ సెల్ఫ్ తీసుకుంటుందన్న నమ్మకం లేదు. చూపు సరిగ్గా ఆనని అమ్మతో చీకట్లో హైవే పక్కన నిలబడాల్సి వస్తుందేమో అన్న టెన్షన్‌కి చేతులు చెమటలు పట్టాయి. కేసరపల్లి దగ్గర పెట్రోల్ బంకు కోసమని సర్వీసు రోడ్డులోకి దించాను. దిగేచోట పెద్ద గుంత. ముందు చక్రం అందులో పడి బండి మొత్తం అదిరింది. ఆ అదురుకి లైటు టక్కున ఆరిపోయింది. మీటరు 11.6 నుంచి ఒక్క క్షణంలో 13.9కి ఎగిరింది. స్టీరింగ్ తేలికైపోయింది.

బంకులో ఇంజిన్ ఆపకుండానే ఫోన్లో రాసుకున్నాను. గుంతలో పడ్డాక ఆరింది అని. ఇంటికి వచ్చేదాకా 13.9 తగ్గలేదు. మర్నాడు అమ్మని ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాను.

ఇంకా చిన్న చిన్నవాళ్ళ చుట్టూ తిరగడం ఎందుకు, ఈసారి పెద్ద సర్వీస్ సెంటర్లోనే చూపిద్దామని ఇంట్లో అన్నారు. జూన్ 18, బుధవారం సెలవు పెట్టి పొద్దున తొమ్మిదిన్నరకి బండి అప్పగించాను. నా నోట్స్ చదివి వినిపించబోతే సర్వీస్ అడ్వైజర్, "సార్ నంబర్ ఇవ్వండి మేడమ్, ఏదైనా ఉంటే ఆయనతో మాట్లాడతాం" అన్నారు. బండి నడిపేది నేనే, నాతోనే మాట్లాడమన్నాను. మధ్యాహ్నం దాకా కబురు లేదు. మూడింటికి నేనే ఫోన్ చేస్తే ఇంకా బే ఖాళీ కాలేదన్నారు. సాయంత్రం అయిదింటికి ఫోన్ వచ్చింది.

"స్కానర్ పెట్టి చూశాం మేడమ్, కోడ్లేమీ లేవు. ఆల్టర్నేటర్ అసెంబ్లీ మార్చాలి. 14,600 అవుతుంది, మజూరీ వేరే. పార్టు రావడానికి నాలుగైదు రోజులు."

"మీరు నడిపినప్పుడు లైటు వచ్చిందా?"

"రాలేదండీ. కానీ బండి పాతది కదా."

బండి పాతది కావడం కారణం ఎలా అవుతుంది? ఆల్టర్నేటరే పోయి ఉండొచ్చు, నేనూ అదే అనుకుంటున్నాను. కానీ లైటు వెలగడం చూడకుండా, వెలిగినప్పుడు కొలవకుండా ఎలా చెప్తారు? ఒకవేళ తప్పు వైరులో ఉంటే ఆ 14,600 పెట్టిన తర్వాత కూడా లైటు వస్తుంది. అప్పుడు వైరింగ్ మార్చాలంటారు. తనిఖీకి 500, జీఎస్టీతో 590 కట్టి బండి తెచ్చేసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బండి అమ్మేద్దామా అన్న మాట కూడా ఇంట్లో వచ్చింది.

మా బ్యాంకులో ఒకరు ఆటోనగర్‌లో ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నారని చెప్పారు. బోర్డు కూడా సరిగ్గా కనపడని షెడ్డు, బయట బల్ల మీద విప్పేసిన సెల్ఫ్ మోటార్లు, డైనమోలు. జూన్ 21, శనివారం పొద్దున పదింటికి వెళ్ళాను. నా ముందు రెండు లారీలు, ఒక ట్రాక్టరు ఉన్నాయి. పదకొండున్నర దాకా కూర్చోవాల్సి వచ్చింది. ఆయనకి అరవై దాటి ఉంటాయి. నేను ఫోన్ తీసి నోట్స్ చదువుతుంటే పానా కింద పెట్టి, చివరిదాకా విన్నారు. ఇన్నాళ్ళలో నా మాట మొత్తం విన్నవాళ్ళు ఆయనొక్కరే. గుంత సంగతి దగ్గర మాత్రం ఆపి మళ్ళీ చెప్పించుకున్నారు.

"అమ్మా, నాకు తెలిసిపోయింది గానీ ఊరికే విప్పను. లైటు వెలుగుతున్నప్పుడు బండి నా ముందుండాలి. మా కుర్రాణ్ణి ఎక్కించుకుని తిరిగి రా. వెలిగిందా, ఇంజిన్ ఆపొద్దు, అలాగే తీసుకొచ్చెయ్."

"రాకపోతే, బాబాయ్ గారూ?"

"రాకపోతే రేపు తిరుగుదువుగానీ. తొందరేముంది?"

నడినెత్తిన ఎండ. ఏసీ ఫుల్లు, హెడ్‌లైట్లు, వెనక అద్దం డీఫాగర్, అన్నీ వేసి బందరు రోడ్డు మీద తిరిగాం. అరగంట దాటినా ఏమీ లేదు. మీటరు 13.6 దగ్గర నిలబడింది. నాకు నీరసం వచ్చేసింది. కుర్రాడు మాత్రం, "ఎక్కడైనా నిలబెడదాం మేడమ్, గాలి తగలకపోతే బాగా వేడెక్కుతుంది" అన్నాడు. ఆటోనగర్ గేటు దగ్గర చెట్టు కింద ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబెట్టాం. ఓ పావుగంటకి మసగ్గా మిణికింది, తర్వాత నిండుగా వెలిగింది. 12.2. నేను ఆ లైటుని చూసి సంతోషపడటం అదే మొదటిసారి. గుంతల్లో పడకుండా మెల్లగా షెడ్డుకి పోనిచ్చాను.

ఆ తర్వాత పెద్దాయన చేసిన పని దగ్గరుండి చూశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. ముందు మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండో కొన ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించే బోల్టు మీద పెట్టారు. 12.2. బ్యాటరీ ప్లస్ మీద పెట్టినా 12.2. "ఇక్కడ 14 ఉండి అక్కడ 12 ఉంటే వైరుదే తప్పు. రెండుచోట్లా 12 అంటే డైనమోలోనే పుట్టట్లేదు" అన్నారు. తర్వాత మీటర్ కొనలు ఇంజిన్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కి మధ్య పెట్టారు. 0.04. అంటే ఎర్త్ వైరు బాగానే ఉంది. 0.2 దాటితే ఎర్త్ శుభ్రం చేసి చూడాలట. ఆల్టర్నేటర్ వెనక ప్లాస్టిక్ సాకెట్ ఊడిపోయి ఉందేమో అని చేత్తో అటూ ఇటూ కదిపారు. లైటు అలాగే ఉంది, మీటరు కదల్లేదు. సాకెట్ కూడా కాదు.

అప్పుడు పెద్ద స్క్రూడ్రైవర్ తిరగేసి, చెక్క పిడితో ఆల్టర్నేటర్ వెనక భాగం మీద రెండు దెబ్బలు వేశారు. గట్టిగా కాదు, టక్ టక్ అని. బెల్ట్ వైపు చేయి పోకుండా, చీర చెంగులు, చున్నీలు దగ్గరికి రానివ్వకుండా చూసుకోవాలని నన్ను రెండడుగులు వెనక్కి జరగమని మరీ కొట్టారు. రెండో దెబ్బకి లైటు ఆరింది. మీటరు 14.2.

"చూశావా, నీ గుంత ఇదే" అన్నారు. "కార్బన్లు అరిగిపోయాయి. వెనక ఉన్న స్ప్రింగ్ చివరికంటా వచ్చేసి ఉంటుంది, నొక్కే బలం లేదు. వేడెక్కితే పట్టు వదిలేస్తుంది, అదిరితే మళ్ళీ అంటుకుంటుంది."

కార్బన్లు అంటే డైనమోలో తిరిగే భాగానికి ఆనుకుని దానికి కరెంటు అందించే చిన్న ముక్కలు. ఇన్ని వారాల ముడి రెండు దెబ్బలతో విడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎండకి చెమట అన్నట్టు తుడుచుకున్నాను.

విప్పడానికి మాత్రం వెంటనే చేయి పెట్టలేదు. సైలెన్సర్ పైపు పక్కనే ఉంటుంది కాబట్టి వేడి తగ్గేదాకా ముప్పావుగంట ఆగాలి. ఆ లోపు అడిగితే ఖర్చు వివరంగా చెప్పారు. కార్బన్లు ఒక్కటే మారిస్తే మూడొందల లోపు అయిపోతుంది, కానీ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కూడా పదిహేనేళ్ళ పాతది. కార్బన్లు, రెగ్యులేటర్ కలిసి వచ్చే సెట్టు వేస్తే మంచిది. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి బేరింగులు కూడా మార్చేస్తే మళ్ళీ విప్పే పని ఉండదు. పాత బండ్ల నుంచి తీసిన డైనమో కూడా దొరుకుతుంది గానీ దాని ఆయుష్షు ఎంతో ఎవరూ చెప్పలేరు. సెట్టు, బేరింగులు రెండూ మార్చడానికే ఒప్పుకున్నాను.

మా బండికి ఆల్టర్నేటర్ పైనుంచి రాదు. ఎడమచేతి పక్క ముందు జాకీ పెట్టి, చక్రం తీసి, కింద నుంచి దించారు. అంతకు ముందే బ్యాటరీ మైనస్ విప్పేశారు, ఇంజిన్ ఆపి. బల్ల మీద పెట్టి వెనక మూత తీయగానే నల్లటి మెత్తటి పొడి ఒళ్ళో పడింది. అదంతా పదిహేనేళ్ళలో అరిగిన కార్బన్. కొత్త సెట్టు పక్కన పెట్టి చూపించారు. కొత్త కార్బన్ బయటికి చిటికెన వేలి గోరంత పొడుగుంది. మా పాతవాటిలో ఒకటి దానిలో సగం ఉంది. రెండోది బియ్యపు గింజలో సగం కూడా లేదు, వేలితో నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది, స్ప్రింగ్ బయటికి తోయలేకపోయింది. అవి రాసుకునే రాగి రింగుల మీద రెండు గాడులు పడ్డాయి, గోరు పెడితే తగులుతున్నాయి. ఆ రింగులుండే తిరిగే భాగాన్ని, అంటే రోటర్‌ని, పక్క షెడ్డులో లేత్ మీద పెట్టి ఆ గాడులు పోయేదాకా సన్నగా చెక్కించి, ఎమరీ పేపర్‌తో నున్న చేశారు.

బేరింగుల కోసం కుర్రాడు అంచు మీదున్న నంబర్లు చూసి రాసుకుని వెళ్ళాడు. ఒకటి వెంటనే దొరికింది, రెండోదాని కోసం వీధులన్నీ తిరిగి గంట తర్వాత వచ్చాడు. శనివారం మధ్యాహ్నం కాబట్టి దొరికింది, ఆదివారమైతే చాలా షాపులు మూసే ఉంటాయి. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు పొద్దున్నే వెళ్ళడం మేలు.

సాయంత్రం ఆరింటికి బండి స్టార్ట్ చేశారు. ఏమీ వేయకుండా 14.3. ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేస్తే 13.7. మల్టీమీటర్‌ని ఆల్టర్నేటింగ్ కరెంటు వోల్టుల వైపు తిప్పి బ్యాటరీ మీద పెట్టారు, 0.03 చూపించింది. అర వోల్టు దాటితే డయోడ్ పోయినట్టట, మాకు ఆ బాధ లేదు. ఆఖర్న మళ్ళీ స్క్రూడ్రైవర్ పిడితో కొట్టారు. ఈసారి మీటరు అంగుళం కదల్లేదు. కార్బన్ రెగ్యులేటర్ సెట్టు 1,150, బేరింగులు 420, లేత్ 150, మజూరీ 900, అన్నీ కలిపి 2,620. చిన్న అట్ట మీద తేదీ, కిలోమీటర్లు రాసి, ఆరు నెలల్లో ఏం వచ్చినా తీసుకురమ్మన్నారు. పాత కార్బన్లు కవర్లో వేసి నా చేతిలో పెట్టారు, అడగకుండానే.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతులు. బ్యాటరీ విప్పడం వల్ల కారు స్టీరియో లాక్ అయిపోయి కోడ్ అడిగింది. నాన్న జాగ్రత్త మనిషి కాబట్టి ఆ కోడ్ ఉన్న చిన్న కార్డు ఓనర్స్ మాన్యువల్ కవర్లోనే ఉంది. కంపెనీ స్టీరియో ఉన్నవాళ్ళు బ్యాటరీ విప్పించే ముందే ఆ కార్డు వెతికి పెట్టుకోండి. సిగ్నల్ దగ్గర నిలబడితే ఇంజిన్ స్పీడు కాసేపు పైకీ కిందికీ ఊగింది. గుండె గుభేల్‌మంది గానీ, బ్యాటరీ తీసి పెట్టాక కంప్యూటర్ మళ్ళీ కుదురుకోవడానికి కొంచెం టైము పడుతుందట. ఆ సాయంత్రానికే సర్దుకుంది.

ఇంకొకటి బ్యాటరీ గురించి. వారాల తరబడి సగం చార్జింగ్‌తో ఉన్న బ్యాటరీని నింపే భారం మొత్తం బాగుచేసిన ఆల్టర్నేటర్ మీద వేయొద్దని, బయట మెల్లగా చార్జి చేయించమని పెద్దాయన చెప్పారు. మే నెలలో టెస్ట్ చేయించిన షాపులోనే రాత్రికి ఇచ్చాను. 150 తీసుకుని, అప్పటిదాకా వాడుకోమని వాళ్ళ స్పేర్ బ్యాటరీ పెట్టారు. మర్నాడు మా బ్యాటరీ లోడ్ టెస్ట్‌లో మళ్ళీ పాసైంది. 4,800 పెట్టి మార్చేయమన్న బ్యాటరీయే ఇప్పటికీ బండిలో ఉంది.

బెల్ట్, మీటరు, సర్వీస్ సెంటర్ తనిఖీ, ఆల్టర్నేటర్ పని, బ్యాటరీ చార్జింగ్ అన్నీ కలిపితే 4,309 రూపాయలు. అందులో 590 వృథా. బెల్ట్ ఎలాగూ పెట్టాల్సిన ఖర్చే. మొదట చెప్పినవాళ్ళ మాట ప్రకారం బ్యాటరీ, ఆ తర్వాత ఆల్టర్నేటర్ అసెంబ్లీ రెండూ వేయించి ఉంటే ఇరవై వేల దగ్గరికి పోయేది. మధ్యతరగతి ఇంట్లో ఒక నెల సరుకులు, కరెంటు బిల్లు, అమ్మ మందులు కలిపినా అంతే అవుతుంది. అందుకే మళ్ళీ చెప్తున్నాను, లైటు వెలగడం కళ్ళారా చూడని మనిషి చెప్పిన పార్టు కొనకండి. వెలిగినప్పుడు ఇంజిన్ ఆపకుండా తీసుకెళ్ళే వీలు లేకపోతే, కనీసం ఆ మీటరు ఫొటో తీసి చూపించండి. అదీ పక్కన కూర్చున్నవాళ్ళ చేత తీయించండి, నడుపుతూ వద్దు.

జులైలో అమ్మ ఇంజెక్షన్‌కి మా కారులోనే వెళ్ళాం. మీటరు ఇంకా సాకెట్లోనే ఉంది, తీయలేదు. కొత్త బెల్ట్ కొంచెం సాగుతుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బిగించుకోవాలని పెద్దాయన చెప్పిన ప్రకారం జులై 12న ఆటోనగర్ వెళ్ళాను. నిజంగానే కాస్త వదులైంది. బోల్టు సగం చుట్టు తిప్పి, బొటనవేలితో నొక్కి చూసి, సరిపోయిందన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు. టీ మాత్రం తాగారు.